ఆటోమేటిక్ అంటే ఏ ఆటోమేటిక్?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. బల్ల మీద పాత పేపరు పరిచి, విప్పిన క్లచ్చు ప్లేటును దాని మీద పెట్టాడు మెకానిక్. గుండ్రటి ఆ పళ్ళెం అంచున ఉండాల్సిన లైనింగు అరిగి అరిగి రివెట్ల దాకా వచ్చింది. పక్కనున్న ప్రెషర్ ప్లేటు మీద వేడికి కమిలిన నీలి మచ్చలు. కాలిన వాసన ఇంకా పోలేదు. మా పిన్ని కొడుకు దాని వంక కాసేపు చూసి నా వైపు తిరిగాడు. "ఆటోమేటిక్ బండి కదా అన్నయ్యా, ఇందులో క్లచ్చెక్కడిది?"

మాన్యువల్ బండిని వాలులో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకూడదని వాడికి బాగా తెలుసు. ఈ బండిలో క్లచ్చు పెడలే లేదు కాబట్టి ఆ జాగ్రత్తతో పనిలేదనుకున్నాడు. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగినప్పుడల్లా, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి, బండి వెనక్కి జారకుండా పట్టుకునేవాడు. అప్పుడప్పుడు డ్యాష్‌బోర్డులోంచి బీప్‌మని మోగేది. అదెందుకో అర్థం కాలేదు. రెండేళ్ళు అలాగే నడిపాడు. పెడల్ లేకపోయినా ఆ కారులో క్లచ్చు ఉంది. దాన్ని డ్రైవరు కాలికి బదులు ఒక చిన్న పంపు తొక్కుతోంది.

మెకానిక్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆటోమేటిక్ అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఏ ఆటోమేటిక్ సార్ అని ముందు అడుగుతాం. నూనెదా, బెల్టుదా, క్లచ్చుదా? అది తెలీకుండా స్పానర్ పట్టుకోం" అన్నాడు.

ఆ ప్రశ్న షెడ్డు దాకా వచ్చాక కాదు, షోరూములోనే రావాలి. "ఆటోమేటిక్" అన్న మాట డ్రైవరు ఏ పని చేయక్కర్లేదో చెబుతుంది. బండి లోపల ఏ యంత్రం ఆ పని చేస్తుందో చెప్పదు. కంపెనీలు ఎవరికి వారు పెట్టుకున్న ముద్దు పేర్లు ఆ కాస్త వెలుగునూ కప్పేస్తున్నాయి. కొనేవాడి డబ్బు, నడిపే పద్ధతి, బండి ఆయుష్షు మూడూ ఆ లోపలి యంత్రం మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే ఈ కుటుంబాన్ని మొత్తంగా ఒకసారి పరిచయం చేసుకోవడం అవసరం.

పెనుకొండ నుంచి మూడు రకాలు

అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారై 2019 ఆగస్టులో మార్కెట్‌లోకి వచ్చిన మొదటి కారు సెల్టోస్. ఆ కారును ఆటోమేటిక్‌లో కావాలంటే అప్పుడు మూడు దారులు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకు ఐవీటీ, 1.5 లీటర్ల డీజిలుకు 6 గేర్ల టార్క్ కన్వర్టర్, 1.4 లీటర్ల టర్బో పెట్రోలుకు 7 గేర్ల డీసీటీ. కారు ఒకటే, ఫ్యాక్టరీ ఒకటే, అమ్మే డీలరూ ఒకడే. లోపల మాత్రం పోలికే లేని మూడు యంత్రాలు. మరుసటి ఏడాది అదే ఫ్యాక్టరీ నుంచి సోనెట్ వచ్చింది. దానిలో ఐఎంటీ అని నాలుగోది చేరింది. ఈ పేర్ల వెనక ఏముందో ముందుముందు చూద్దాం.

ఇది కియా ఒక్కదాని సంగతి కాదు. మారుతి ఫ్రాంక్స్‌లో 1.2 లీటర్ల ఇంజనుకు ఏజీఎస్, 1.0 టర్బోకు 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఇచ్చారు. ఫోక్స్‌వాగన్ టైగున్‌లో 1.0 లీటరుకు టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్లకు డీఎస్‌జీ. బ్రెజాది ఇంకా విచిత్రం. 2018లో డీజిల్ బ్రెజాకు వచ్చిన ఆటోమేటిక్ ఏఎంటీ, 2020లో పెట్రోలు బ్రెజాకు వచ్చింది 4 గేర్ల టార్క్ కన్వర్టర్, 2022లో దాని స్థానంలో 6 గేర్లది. "సెకండ్ హ్యాండ్‌లో బ్రెజా ఆటోమేటిక్ చూశాను, తీసుకోనా?" అని ఎవరైనా అడిగితే, ఏ ఏడాది బండో తెలియకుండా జవాబు చెప్పలేం.

అసలు ప్రశ్నలు రెండే

పెట్రోలు, డీజిలు ఇంజన్లకు రెండు పుట్టు లోపాలున్నాయి. ఒకటి, చక్రాలు ఆగినా ఇంజను ఆగకూడదు. ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయాల్సిందే. రెండు, దాని బలం కొంత వేగం మధ్యలోనే బాగుంటుంది. మొదటి లోపానికి మందు ఇంజనును చక్రాలతో కలుపుతూ, విడదీస్తూ ఉండే పట్టు. రెండో దానికి మందు గేర్లు. మాన్యువల్ బండిలో పట్టు పని ఎడమ కాలిది, గేర్ల పని ఎడమ చేతిది.

అందుకని ఏ ఆటోమేటిక్‌నైనా రెండే ప్రశ్నలు అడగాలి. ఇంజను పట్టు దేనితో: నూనెతోనా, ఒక క్లచ్చుతోనా, రెండు క్లచ్చులతోనా? గేర్లు ఎలా పుడుతున్నాయి: గ్రహాల్లా తిరిగే పళ్ళ చక్రాలతోనా, మాన్యువల్ బండిలో లాంటి జత చక్రాలతోనా, బెల్టుతోనా? ఈ రెండు జవాబులూ దొరికితే కంపెనీ ఏ పేరు పెట్టినా బండి మనకు అర్థమైనట్టే.

నూనె పట్టు: టార్క్ కన్వర్టర్

కుండలో కవ్వం తిప్పితే మజ్జిగంతా సుడి తిరుగుతుంది. ఆ సుడిలో ఇంకో కవ్వాన్ని వదులుగా నిలబెడితే అదీ తిరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోనే ముట్టుకోవు. నూనె పట్టు మూలం ఇదే. ఇంజను వైపు రెక్కలు నూనెను తిప్పుతాయి, ఆ నూనె గేర్ బాక్సు వైపు రెక్కలను తిప్పుతుంది. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది కారు కోసం కాదు, ఓడ కోసం. వేగంగా తిరిగే ఆవిరి టర్బైనుకూ నెమ్మదిగా తిరగాల్సిన పంకాకూ మధ్య పొత్తు కుదర్చడానికి.

రెండు రెక్కల మధ్య స్టేటర్ అనే మూడో రెక్కల చక్రం పెడితే, తిరిగి వచ్చే నూనెను అది సరైన దిక్కుకు మళ్ళిస్తుంది. దాంతో కదిలే క్షణంలో ఇంజను బలం దాదాపు రెట్టింపై చక్రాలకు చేరుతుంది. టార్క్ కన్వర్టర్ అన్న పేరు అందుకే వచ్చింది. స్టేటర్ లేనిది ఉత్త ఫ్లూయిడ్ కప్లింగ్. అది బలాన్ని అందిస్తుందే తప్ప పెంచలేదు.

భారీ ఎత్తున అమ్ముడైన మొదటి పూర్తి ఆటోమేటిక్ జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1939లో ప్రకటించి 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టారు. దాని వెనకున్న ఎర్ల్ థాంప్సన్, మాన్యువల్ గేర్లను గరగరలాడకుండా కలిపే సింక్రోమెష్‌నూ అంతకుముందు తయారుచేసినవాడే. హైడ్రామాటిక్‌లో ఉన్నది ఫ్లూయిడ్ కప్లింగ్, 4 గేర్లు. స్టేటర్ ఉన్న అసలు టార్క్ కన్వర్టర్‌తో బ్యూక్ డైనాఫ్లో 1948లో వచ్చింది. రెండూ ఒకే కంపెనీ సొత్తు, నడిచే తీరు మాత్రం వేరు. 1953 ఆగస్టులో మిషిగన్‌లోని లివోనియాలో హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ తగలబడింది. కార్ల తయారీ ఆగకూడదని కెడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు కొన్నాళ్ళు డైనాఫ్లో బిగించారు. "ఆటోమేటిక్" అన్న మాట కింద యంత్రం మారిపోవడం మన రోజుల్లో మొదలైంది కాదు.

ఈ నూనె పట్టు వెనక గేర్లు సాధారణంగా గ్రహ చక్రాలు. నడుమ సూర్య చక్రం, చుట్టూ గ్రహ చక్రాలు, అన్నిటికీ బయట వలయం. వీటిలో దేన్ని ఆపి దేన్ని వదిలితే ఆ గేరు. మార్పు నూనెలో మునిగిన చిన్న క్లచ్చుల పని కనుక కుదుపు తక్కువ. పట్టు నూనెది కనుక, ట్రాఫిక్‌లో ఎంతసేపు అంగుళం అంగుళం జరిపినా అరిగే లైనింగు లేదు. పుట్టే వేడిని నూనె మోసుకెళ్ళి కూలర్‌లో వదిలేస్తుంది. జారుడు వల్ల పోయే ఇంధనాన్ని తగ్గించడానికి, వేగం అందుకోగానే రెండు వైపులనూ బిగించే లాకప్ క్లచ్చు చేర్చారు. జర్మనీ జెడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల పెట్టె 2009లో బీఎండబ్ల్యూ కార్లతో మొదలైనప్పటి నుంచి ఈ రకం మళ్ళీ పుంజుకుంది. "టార్క్ కన్వర్టర్ మైలేజీ తింటుంది" అన్న పాత మాటకు పదును తగ్గింది కానీ, పూర్తిగా పోలేదు.

యంత్రం తొక్కే క్లచ్చు: ఏఎంటీ

1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో నైజెల్ మాన్సెల్ ఫెరారీ 640తో గెలిచాడు. స్టీరింగు వెనకున్న మీటలు నొక్కితే నూనె ఒత్తిడితో గేర్లు మారే కారు అది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే ఆలోచన ఫెరారీ 355 రూపంలో రోడ్డు మీదికొచ్చింది. నియంత్రణ వ్యవస్థ ఇటలీ కంపెనీ మాగ్నెటీ మారెల్లీది. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియోకు ఏజీఎస్ అని బిగించిన కిట్టూ మాగ్నెటీ మారెల్లీదే. రేసు కారులో పుట్టిన సూత్రం మన గల్లీల్లోకి అలా వచ్చింది. అప్పట్లో సెలెరియో మాన్యువల్‌కూ దీనికీ ధరలో తేడా సుమారు 40 వేల రూపాయలు. ఆటోమేటిక్ అంటే పెద్ద కార్ల సోకు అనుకునే మధ్యతరగతికి ఆ తేడా తలుపు తీసింది. మోకాలి నొప్పితో కారు నడపడం మానేసినవాళ్ళూ, క్లచ్చు భయంతో స్టీరింగు ముట్టనివాళ్ళూ దీని వల్లే మళ్ళీ రోడ్డెక్కారు. ఆ మేలును తక్కువ చేయకూడదు.

ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్ బాక్సే, మాన్యువల్ క్లచ్చే. పైన పంపు, కవాటాలు, చిన్న కంప్యూటర్ చేరతాయి. కాలు, చెయ్యి చేసే పనిని అవి చేస్తాయి. గేరు మారే ప్రతిసారీ క్లచ్చు విడిపోవాలి కాబట్టి లాగుడు ఒక్క క్షణం ఆగుతుంది. బండిలోవాళ్ళ తలలు ముందుకు ఊగేది అప్పుడే. గేరు మారబోతోందని తెలిసినప్పుడు యాక్సిలరేటర్‌ను కొంచెం వదిలితే ఆ ఊపు చాలావరకు పోతుంది.

మైలేజీలో ఇది మాన్యువల్‌కు తీసిపోదు, ఒక్కోసారి మించుతుంది. 2023లో ఫ్రాంక్స్ వచ్చినప్పుడు అధికారిక లెక్క ఇలా ఉంది: 1.2 లీటర్ల మాన్యువల్ లీటరుకు 21.79 కిలోమీటర్లు, దాని ఏజీఎస్ 22.89. 1.0 టర్బో మాన్యువల్ 21.5, దాని టార్క్ కన్వర్టర్ 20.01. ధరలోనూ అంతే తేడా. అప్పట్లో ఏజీఎస్‌కు సుమారు 55 వేలు అదనం, టార్క్ కన్వర్టర్‌కు సుమారు లక్షన్నర. ఒకే కారు, ఒకే "ఆటోమేటిక్" అనే మాట. ఒకటి మాన్యువల్ కంటే ఎక్కువ మైలేజీ ఇస్తే, ఇంకొకటి తక్కువ ఇస్తోంది.

ఏఎంటీ నిజంగా ఆటోమేటిక్కేనా అన్న వాదన కారు ప్రియుల మధ్య ఎప్పుడూ నడుస్తుంటుంది. నా మటుకు, డ్రైవరు కాలు వైపు నుంచి చూస్తే అది ఆటోమేటిక్, యంత్రం వైపు నుంచి చూస్తే మాన్యువల్. రెండూ నిజమే. ఒక్క నిజమే చెప్పి అమ్మడం దగ్గర తప్పు మొదలవుతుంది.

గుర్తుపట్టడానికి తేలిక దారి ఒకటుంది. మన దేశంలో దొరికే మామూలు ఏఎంటీ కార్ల గేరు రాడ్డు దగ్గర ఆర్, ఎన్, డీ లేదా ఏ, ఎమ్ ఉంటాయి. పీ ఉండదు. టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ బండ్లలో పార్కింగ్ కోసం పీ ఉంటుంది. షోరూములో ఏమీ అడగకుండానే ఆ ఒక్క అక్షరం కోసం వెతకవచ్చు.

రెండు చేదల బావి: డీసీటీ

గిలకకు రెండు వైపులా రెండు చేదలు కట్టిన బావిని గుర్తు చేసుకోండి. ఒకటి నిండి పైకి వస్తుంటే రెండోది కిందికి దిగుతుంటుంది. నీళ్ళ కోసం ఆగే పని లేదు. డీసీటీలో రెండు క్లచ్చులు, ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టులు. ఒక క్లచ్చు కింద 1, 3, 5, 7 గేర్లు, ఇంకో దాని కింద 2, 4, 6. మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధంగా కూర్చుంటుంది. ఒక క్లచ్చు వదిలే క్షణంలో రెండోది పట్టుకుంటుంది. లాగుడు తెగదు.

ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1939లోనే ఈ ఊహ చేశాడు. ఆచరణలో పెట్టడానికి కాలమూ ఎలక్ట్రానిక్సూ కలిసిరాలేదు. 1980లలో పోర్షే రేసు కార్లలో పీడీకేగా నడిచింది. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో డీఎస్‌జీగా మామూలు కొనుగోలుదారుల చేతికి వచ్చింది.

ఇక్కడ పేర్ల కంటే ముఖ్యమైన తేడా ఒకటుంది: క్లచ్చులు పొడివా, తడివా? తడివి నూనెలో మునిగి ఉంటాయి, వేడి నూనెలోకి పోతుంది. పొడి క్లచ్చులకు గాలే దిక్కు. హైదరాబాద్ సాయంత్రపు ట్రాఫిక్‌లో నిమిషానికి నాలుగు గజాలు కదులుతుంటే, క్లచ్చు కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. ఆ జారుడంతా వేడే. పొడి క్లచ్చు డీసీటీల మీద ప్రపంచమంతటా ఫిర్యాదులు రావడానికి ఒక కారణం ఇది. 2013లో చైనాలో ఫోక్స్‌వాగన్ లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. పవర్‌షిఫ్ట్ అనే తన డీసీటీ మీద ఫిర్యాదులు చేసినవాళ్ళతో వ్యవహరించిన తీరుకు ఫోర్డ్‌కు 2018లో ఆస్ట్రేలియాలో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. మన దేశంలోనూ ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2017లో డ్యూయల్ క్లచ్చు వదిలి టార్క్ కన్వర్టర్‌కు మారింది. టాటా 2022లో ఆల్ట్రోజ్‌కు డీసీఏ అనే పేరుతో డీసీటీ తెచ్చినప్పుడు అది తడి క్లచ్చు అని ప్రచారంలోనే చెప్పుకుంది. యంత్రం గురించి కంపెనీ తనంతట తాను నోరు విప్పిన అరుదైన సందర్భం అది. అలా చెబితే కొనేవాళ్ళు భయపడరు, నమ్ముతారు.

మన ఇంట్లో ఎప్పుడో ఉన్న సీవీటీ

సీవీటీ అనగానే కొత్తగా వినిపిస్తుంది గానీ, తెలుగిళ్ళలో అది పాత చుట్టం. కైనెటిక్ హోండా 1984లో వచ్చింది, యాక్టివా 2001లో. "గేర్లు లేని బండి" అని మనం పిలిచే ఇలాంటి పెట్రోలు స్కూటర్లలో ఉన్నది రబ్బరు బెల్టు సీవీటీనే. పిండిమరలో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి బెల్టు వేసినట్టే ఇదీ. ఇక్కడ మాత్రం ఆ చక్రాలు రెండేసి పళ్ళేలు. పళ్ళేలు దగ్గరికి జరిగితే బెల్టు అంచుకు ఎక్కుతుంది, దూరం జరిగితే లోపలికి దిగుతుంది. ఒకవైపు ఎక్కితే ఇంకోవైపు దిగుతుంది. మెట్లు ఉండవు, ఏటవాలు మాత్రమే. అంటే, గేర్లంటూ విడిగా ఉండవు.

నెదర్లాండ్స్‌లో హుబ్ వాన్ డోర్నే ఈ పద్ధతిని 1958లో డాఫ్ 600 కారులో పెట్టాడు. ఆ కారు ముందుకెంత వేగంగా పోతుందో వెనక్కీ దాదాపు అంతే వేగంతో పోగలిగేది. రబ్బరు బెల్టు పెద్ద ఇంజన్లను మోయలేదు. అందుకే ఉక్కు బెల్టు వచ్చింది. పలుచని ఉక్కు కట్ల మీద వందలాది చిన్న ఉక్కు పలకలు గుచ్చి చేసే ఈ బెల్టు, మామూలు బెల్టులా లాగదు, నెడుతుంది. 1993లో విలియమ్స్ ఫార్ములా వన్ జట్టు సీవీటీ కారును పరీక్షించింది. మరుసటి సీజన్‌కు నిబంధనలు దాన్ని రేసుల్లోంచి తొలగించాయి.

హ్యుండాయ్, కియా ఐవీటీ అంటున్నది ఈ సీవీటీనే. ఉక్కు బెల్టుకు బదులు గొలుసు వాడతారు. సీవీటీలో సీ సూచించే "నిరంతరం" (కంటిన్యువస్లీ) అన్న మాట పోయి, ఐ సూచించే "తెలివైన" (ఇంటెలిజెంట్) అన్న మాట వచ్చింది. నిత్యం కొద్దికొద్దిగా మారే నిష్పత్తి వల్ల సీవీటీ ప్రయాణం మెత్తగా ఉంటుంది. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజను శబ్దం ముందు పరిగెత్తి, బండి వెనక నుంచి అందుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఆ ఇబ్బంది పోగొట్టడానికి కంప్యూటర్‌తో దొంగ మెట్లు కల్పించి "7 స్పీడ్ సీవీటీ" అంటారు. లేని గేర్లను లెక్కపెట్టడం అది.

ఇక్కడే ఇంకో చిక్కు విడుతుంది. చాలా సీవీటీ కార్లలో కదలడానికి వాడే పట్టు టార్క్ కన్వర్టరే. అంటే "టార్క్ కన్వర్టర్ కావాలా, సీవీటీ కావాలా?" అన్న షోరూము ప్రశ్నే సగం తప్పు. మొదటిది పట్టు పేరు, రెండోది గేర్ల పేరు. ఫోక్స్‌వాగన్ 1960లలో బీటిల్ కారుకు ఇచ్చిన ఆటోస్టిక్‌లో టార్క్ కన్వర్టర్ వెనక మాన్యువల్ గేర్లున్నాయి. మెర్సిడెస్ ఏఎంజీ ఎంసీటీలో గ్రహ చక్రాల ముందు టార్క్ కన్వర్టర్ తీసేసి తడి క్లచ్చు పెట్టారు. రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలనడం అందుకే.

పేరు ఒకటి, వస్తువు వేరొకటి

ఈ-సీవీటీ అన్న పేరు చూడండి. 1987లో సుబారు జస్టీకి ఈసీవీటీ అని ఉక్కు బెల్టు సీవీటీ, ముందు విద్యుదయస్కాంత క్లచ్చు ఇచ్చింది. 1997లో టొయోటా ప్రియస్‌తో వచ్చిన హైబ్రిడ్ పద్ధతిలో బెల్టే లేదు. ఇంజనూ రెండు మోటార్లూ ఒక గ్రహ చక్రాల గుత్తికి కలిసి ఉంటాయి. ఒక మోటారు వేగం మార్చితే నిష్పత్తి మారుతుంది. మన రోడ్ల మీది ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఉన్నది ఇదే. 2022 హోండా సిటీ హైబ్రిడ్‌లో మూడో రకం: మామూలు వేగంలో ఇంజను జెనరేటర్‌ను తిప్పుతుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది, హైవే వేగంలో ఒక క్లచ్చు ఇంజనును నేరుగా చక్రాలకు కలుపుతుంది. మూడింటికీ అవే అక్షరాలు. బెల్టు సీవీటీలు మొరాయిస్తాయని విని ఈ-సీవీటీకి భయపడేవాళ్ళను చూశాను. లేని బెల్టు ఎలా తెగుతుంది?

ఐఎంటీది ఇందుకు తిరుగు కథ. అందులో క్లచ్చు పెడల్ లేదు, గేర్లు మాత్రం డ్రైవరే మార్చాలి. రాడ్డును కదపబోగానే క్లచ్చు తనంతట తాను విడిపోతుంది. 1939లో క్రైస్లర్ ఫ్లూయిడ్ డ్రైవ్ అని అమ్మిన కార్లలో నూనె పట్టు ఉండేది, క్లచ్చు పెడలూ ఉండేది. సగం పని తప్పించి పూర్తి పేరు పెట్టుకోవడం అప్పటి నుంచీ ఉన్న అలవాటే. ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. మోటారు సున్నా నుంచే బలం ఇస్తుంది, ఆగినా మళ్ళీ దానంతట కదులుతుంది. కాబట్టి చాలావాటికి ఒకే ఒక స్థిర గేరు చాలు. నెక్సాన్ ఈవీని "ఆటోమేటిక్" అంటే, లేని గేర్లు వాటంతట అవే మారుతున్నాయన్నట్టు.

బ్రాండ్ పేర్ల సంగతికొస్తే, ఆడీ ఒక్కటి చాలు. టిప్‌ట్రానిక్ అంటే టార్క్ కన్వర్టర్, మల్టీట్రానిక్ అంటే గొలుసు సీవీటీ, ఎస్ ట్రానిక్ అంటే జంట క్లచ్చు, మొదటి ఆర్8లోని ఆర్ ట్రానిక్ అంటే ఒంటి క్లచ్చు ఏఎంటీ. నాలుగు వేరు వేరు జాతులకు ఒకే ఇంటిపేరు. బీఎండబ్ల్యూ స్టెప్‌ట్రానిక్ అన్న మాటను టార్క్ కన్వర్టర్‌కూ వాడింది, జంట క్లచ్చుకూ వాడింది. మన దగ్గర టాటా ఒక్కటే ఏఎంటీకి జెస్ట్‌లో ఎఫ్-ట్రానిక్, నానోలో ఈజీ షిఫ్ట్, నెక్సాన్‌లో హైపర్‌డ్రైవ్ అని మూడు పేర్లు పెట్టింది. మారుతి ఏజీఎస్, మహీంద్రా ఆటోషిఫ్ట్, రెనో ఈజీ-ఆర్, నిస్సాన్ ఈజెడ్-షిఫ్ట్, హ్యుండాయ్ స్మార్ట్ ఆటో... వస్తువు ఒకటే. ఆటో గేర్ షిఫ్ట్ అన్న మాట ఏ ఆటోమేటిక్‌కైనా సరిపోతుంది. కాబట్టి అది దేని పేరూ కాదు. పోర్షే పీడీకే అందుకు భిన్నం. జర్మన్ భాషలో దాని అర్థం "పోర్షే జంట క్లచ్చు గేర్ పెట్టె". పేరులోనే యంత్రం ఉంది. నిజాయితీ గల పేరు పెట్టడం అసాధ్యమేమీ కాదు.

ఎవరికి ఏది?

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లు తరచూ ఎక్కేవాళ్ళకూ, రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్ళకూ నూనె పట్టు ఉన్న బండి మనశ్శాంతి. అది టార్క్ కన్వర్టర్‌తో గ్రహ చక్రాలైనా, టార్క్ కన్వర్టర్‌తో సీవీటీ అయినా సరే. ఎక్కువ బరువు, వాలు అయితే మొదటిది, పట్నంలో మెత్తని నడక అయితే రెండోది. ధర, మైలేజీ ముఖ్యమైనవాళ్ళకు ఏఎంటీని మించింది లేదు. దాన్ని మాన్యువల్ బండిలా గౌరవించాలి. వాలులో బ్రేకు తొక్కి లేదా హ్యాండ్ బ్రేకు లాగి ఆగాలి. పార్క్ చేసేటప్పుడు పీ లేదు కాబట్టి గేరులో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయాలి. హైవే మీద వేగంగా నడపడం ఇష్టపడేవాళ్ళకు డీసీటీ ఆనందమిస్తుంది. కొనేముందు పొడి క్లచ్చా తడి క్లచ్చా అని అడగండి. ట్రాఫిక్‌లో ముందు బండికి కాస్త ఎడం ఇచ్చి, కదిలితే నాలుగు గజాలైనా ఒకేసారి కదలండి.

నూనెలూ ఒకటి కాదు. సీవీటీకి వేసేది టార్క్ కన్వర్టర్ పెట్టెకు పనికిరాదు, దానిది దీనికి పనికిరాదు. పొరపాటున పోస్తే పెట్టె పాడవుతుంది. దారిలో ఆగిపోయిన టార్క్ కన్వర్టర్ బండిని, నడిచే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి దూరం లాగకూడదు. ఇంజను ఆగితే లోపలి నూనె పంపూ ఆగుతుంది, పెట్టెలోని గేరు చక్రాలు నూనె లేకుండా తిరుగుతాయి. ఇవన్నీ "ఆటోమేటిక్" అన్న ఒక్క మాటలో లేని సంగతులు.

బ్రోచరులో ఒక్క వాక్యం

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. కంపెనీలు తమ బ్రాండ్ పేర్లు ఉంచుకోవచ్చు. దాని కింద ఒక్క వాక్యం అచ్చు వేస్తే చాలు: "ఇంజను పట్టు: ఒకే పొడి క్లచ్చు. గేర్లు: 5, మాన్యువల్ పెట్టె. క్లచ్చు, గేరు మార్పు: యంత్రం చేస్తుంది." ఇంకో బండికి: "ఇంజను పట్టు: నూనె. గేర్లు: ఉక్కు బెల్టు." మందు సీసా మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉండాలని మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. పది లక్షలు పోసి కొనే కారుకు ఆపాటి మర్యాద దక్కాలి. అమ్మేవాళ్ళకూ తెలుగులో చెప్పడం కష్టం కాదు. నూనెదా, బెల్టుదా, ఒక క్లచ్చుదా, రెండు క్లచ్చులదా? ఆటోనగర్ షెడ్డులో ఆ మాటలు రోజూ నడుస్తూనే ఉన్నాయి.

మా తమ్ముడి బండికి కొత్త క్లచ్చు సెట్టు పడింది. ఇప్పుడు ఫ్లైఓవర్ వాలులో ఆగితే బ్రేకు తొక్కుతాడు, ఎక్కువసేపు ఆగితే హ్యాండ్ బ్రేకు లాగుతాడు. బిల్లు కట్టి వచ్చిన రోజున సన్ వైజర్ లోపలి వైపు తెల్ల కాగితం ముక్క ఒకటి అంటించాడు. స్కెచ్ పెన్నుతో దాని మీద రెండే మాటలు: "క్లచ్చు ఉంది". కొన్న రోజునే కంపెనీ రాసి ఇవ్వాల్సిన మాటలు అవి.